కటకమునకు స్థానబలిమి

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రముల వైద్యారోగ్య శాఖామాత్యులకు బహిరంగ లేఖ

మహాశయులారా,

శుక్లముల ఆపరేషన్లు ఈ యేడు ఇన్ని వేలు జరిగినవనియు, లక్ష్యమునకు మించి జరిగినవనియు మీ కార్యాలయములనుండి వెలువడు ప్రకటనలను పత్రికలలో చదువునపుడెల్ల నాకు సంతోషము కలుగుచునే యున్నది; కాని ఆ ప్రకటనలలో ఎన్నడును కానరాని అంకె యొకటి కలదు. ఆపరేషన్ చేయించుకొన్న ఆ వేలమందిలో, నెలా పదిహేను దినములు గడచిన పిమ్మట, ఎందఱు ఎంతవఱకు చూడగలుగుచున్నారు? ఎందఱి కంటిలో కటకము తాను కూర్చుండవలసిన చోటనే కూర్చున్నది? నేను వైద్యుడను కాను; డిగ్రీ కళాశాలలో కాంతిశాస్త్రమును బోధించి విశ్రాంతి గైకొన్న ఉపన్యాసకుడను. వైద్యుల పనిలో తప్పులెన్నుట నా యుద్దేశము కాదు. కంటిలో అమర్చు కటకము మొట్టమొదట ఒక కాంతిసాధనము గనుక, దాని గుణదోషములను ఆ దృష్టితోనే మీ యెదుట నుంచి, అందుండి ప్రభుత్వము చేయదగిన పని యేదో విన్నవించుటకే ఈ లేఖ వ్రాయుచున్నాను.

ఇప్పటి డెబ్బదియేండ్లవారి బాల్యమున, శుక్లము తీయించుకొన్న తాతలందఱును సోడాబుడ్డి అద్దములతోనే కనబడువారు. కంటిలోని సహజ కటకమును తీసివేసిన తరువాత దాని పనిని ముక్కుపై నిలిచిన పది డయాప్టర్ల శక్తి గల దళసరి గాజు చేయవలసి వచ్చెడిది. ఆ గాజు ప్రతి వస్తువును ఇంచుమించు నాలుగవవంతు పెద్దదిగ చూపెడిది, ప్రక్కచూపును హరించెడిది, ఒక కంటికి మాత్రమే ఆపరేషన్ జరిగినచో రెండు కన్నుల బొమ్మలును కలియక మెట్లు దిగుటయే గండమై యుండెడిది.

ఆ యవస్థకు విరుగుడు లండన్ నగరమున సెంట్ థామస్ ఆసుపత్రిలో 1949 నవంబరు 29వ తేదీన మొదలైనది. రెండవ ప్రపంచయుద్ధమున విమానముల కప్పులు పగిలి, పెర్‌స్పెక్స్ అను ప్లాస్టిక్ తునుకలు వైమానికుల కన్నులలో దిగబడినను కన్ను వానిని సహించి యూరకుండుటను గమనించిన హెరాల్డ్ రిడ్లీ, ఆ పదార్థముతోనే కటకమును చేయించి, నలువదియైదేండ్ల స్త్రీ కంటిలో అమర్చెను. కన్ను ఆ కటకమును త్రోసిపుచ్చలేదు. కాని ఆమెకు తీవ్రమైన హ్రస్వదృష్టి మిగిలెను. సహజ కటకపు వంపులను అనుసరించి చేసిన ఆ ప్లాస్టిక్ కటకమునకు వక్రీభవన గుణకము సహజ కటకముకంటె అధికమగుటచే దాని శక్తి అవసరమునకు మించిపోయినది. అంతియే కాదు, బరువైన ఆ తొలితరము కటకములలో కొన్ని చోటు తప్పి జాఱిపోయినవి. శక్తి యెంత యుండవలెను, ఎచ్చట నిలువవలెను అను రెండు ప్రశ్నలును ఆనాడే తలయెత్తినవి. పదార్థము మాఱినను, పనితనము పెరిగినను, నేటికిని చూపు మంచిదగుటయు చెడ్డదగుటయు ఆ రెండింటిమీదనే ఆధారపడియున్నది.

నేటి కటకమును అరచేతిలో నుంచుకొని చూచినవారికి అది ఇంత పని చేయునదని తోచదు. ఆరు మిల్లీమీటర్ల వ్యాసము గల పారదర్శకమైన బిళ్ళ. దాని యిరుప్రక్కల వంకరగా చాచిన రెండు సన్నని కాళ్ళు. ఈ కాలి కొననుండి ఆ కాలి కొనకు సుమారు పదమూడు మిల్లీమీటర్లు. మెత్తని అక్రిలిక్‌తో చేసినదగుటచే దీనిని మడిచి, మూడు మిల్లీమీటర్లకు తక్కువైన గాటు గుండ లోనికి పంపుదురు. లోపల అది తనంతట తానే విచ్చుకొని, శుక్లమును తీసివేయగా మిగిలిన పలుచని పారదర్శకపు సంచిలో కాళ్ళు తన్ని నిలుచును. ఆ సంచి ముందుగోడలో శస్త్రకారుడు అయిదు మిల్లీమీటర్లకు కొంచెము మించిన గుండ్రని ద్వారమును చీల్చియుండును. ఆ ద్వారపు అంచు కటకపు అంచును చుట్టును సమముగ కప్పి యుండవలెను. ఉంగరమున రవ్వను పొదుగు కంసాలి నాలుగు కొక్కెములను సమముగ నొక్కనిచో రవ్వ ఒకవైపునకు ఒఱగినట్లే, ఆ ద్వారము ప్రక్కకు జరిగినను, పెద్దదై ఒకచోట కటకపు అంచును విడిచినను, తరువాత వారములలో సంచి ముడుచుకొనునపుడు కటకమును ఒకవైపునకు త్రోయును, లేదా వంచును.

శక్తి మాటను మొదట చూతము. సగటు కంటి వక్రీభవనశక్తి సుమారు 60 డయాప్టర్లు. అందు మూడింట రెండువంతులకు మించినది కంటి ముందుభాగమున నున్న కార్నియాది, మిగిలినది కటకముది. ఎన్ని డయాప్టర్ల కటకము వేయవలెనన్నది కంటి పొడవును, కార్నియా వంపును కొలిచి లెక్కగట్టుటచే తేలును. పొడవు కొలతలో ఒక్క మిల్లీమీటరు తప్పినచో ఫలితము ఇంచుమించు రెండున్నర డయాప్టర్లు తప్పును. కార్నియాపై శబ్దతరంగముల సలాకను ఆనించి కొలుచు పద్ధతిలో, కొలుచువారి చేయి రవంత బరువుగ పడినచో కార్నియా లోనికి నొక్కుకొని కన్ను పొట్టిదిగ లెక్కకు వచ్చును. లెక్క బలమైన కటకమును కోరును. రోగి హ్రస్వదృష్టితో ఇంటికి పోవును. కొలత సరిగ నున్నను, కటకము అనుకొన్న చోటికంటె ఒక్క మిల్లీమీటరు ముందుకు నిలిచినచో డయాప్టరునకు మించిన దోషము మిగులును. 15 మొదలు 25 డయాప్టర్ల వఱకు గల కటకములలో ముద్రించిన శక్తికిని అసలు శక్తికిని 0.4 డయాప్టరుకు మించిన తేడా యుండరాదని అంతర్జాతీయ ప్రమాణము శాసించుచున్నది. కర్మాగారమునకు అంతటి కట్టుబాటును విధించిన మనము కొలతగదికి ఏ కట్టుబాటును విధించితిమి?

ఇక రూపకల్పన. కార్నియా అంచులగుండ వచ్చు కిరణములు మధ్యగా వచ్చు కిరణములకంటె ముందుగ కేంద్రీకృతమగును. దీనినే గోళీయ విపథనమని తరగతిలో చెప్పుచుంటిమి. యౌవనమున సహజ కటకము దీనికి విరుద్ధమైన విపథనమును కలిగి దానిని చాలవఱకు రద్దుపఱచును. వయస్సు మీఱినకొలది ఆ సమతూకము చెడును. పూర్వపు గోళాకార కటకము ఆ దోషమును ఇంకను పెంచెడిది. పగటి వెలుగులో పాప సన్నగ నుండుటచే ఇది తెలియదు. మునిమాపువేళ పాప విచ్చుకొనగనే గోడలు, గుంతలు, మనుష్యులు తమ అంచులను కోల్పోయి మసకలో కలిసిపోవుదురు. అందుచేత ఈ శతాబ్దారంభమున, ఆరు మిల్లీమీటర్ల పాపకు సగటు కార్నియాలోని 0.27 మైక్రాన్ల విపథనమునకు సరిగ ప్రతియగునట్లు అగోళీయ కటకములను నిర్మించిరి. ఎంత సొగసైన యోచన! కాని 2002లో ప్రకటితమైన లెక్కలే దానికి హద్దులను గీసినవి: కటకము మధ్యనుండి 0.4 మిల్లీమీటరుకంటె ఎక్కువ జరిగినను, ఏడు డిగ్రీలకంటె ఎక్కువ ఒఱగినను, ఆ కటకము పాత గోళాకార కటకముపై తనకు గల ఆధిక్యమును కోల్పోవును. దిద్దవలసిన దోషమునకు బదులు తోకచుక్క వంటి చెదరును, కోమా యనబడుదానిని, తానే కల్పించును. కనుకనే సంచి బలహీనమైన కంటికి, కటకము మధ్యన నిలుచునన్న నమ్మకము లేని కంటికి, తనవంతుగ ఏ విపథనమును కలుపక తటస్థముగ నుండు కటకమే మేలని నిపుణులు ఎంచుదురు. జాఱినను ఒఱగినను అది తక్కువ నష్టము చేయును. ఉత్తమమైన రూపము ఉత్తమమైన స్థానమును కోరును; స్థానము దొరకనిచోట ఆ యుత్తమత్వమే దోషమగును.

అంచుల సంగతియు ఇట్టిదే. బిళ్ళ వెనుక అంచును చతురస్రముగ, పదునుగ చెక్కినచో సంచిలో మిగిలిన కణములు కటకము వెనుకకు ప్రాకి మరల మసకను కల్పించుట తగ్గును. లేజరుతో ఆ మసక పొరను కోయవలసిన అవసరము తగ్గినది ఇందువలననే. కాని అదే పదును అంచు ప్రక్కనుండి వచ్చు దీపకాంతిని చీలికలుగ రెటీనాపైకి విసరును. లాభమును ఇచ్చిన గీటే ఇబ్బందిని కూడ తెచ్చినది.

స్థానబలిమి పరాకాష్ఠను చూడగోరువారు టోరిక్ కటకమును చూడవలెను. కార్నియా ఒక దిక్కున ఎక్కువగ, మఱియొక దిక్కున తక్కువగ వంగియుండుట వలన కలుగునది అసమదృష్టి. అద్దముల చీటీలో సిలిండర్ అని వ్రాయు అంకె దానిదే. టోరిక్ కటకముపై అక్షమును తెలుపు చుక్కలుండును. ఆ చుక్కలను కార్నియా యొక్క నిటారు వంపునకు సరిగ త్రిప్పి నిలుపవలెను. చుక్కలు తప్పినచో ఏమగునో చిన్న లెక్క చెప్పును: కటకపు సిలిండరును, తప్పిన కోణపు సైనునకు రెండింతలతో గుణించినచో మిగులు దోషము వచ్చును. పది డిగ్రీలు తప్పినచో మూడవవంతుకు పైగ మిగిలిపోవును. ముప్పది డిగ్రీలు తప్పినచో, డబ్బు పోసి కొన్న కటకము, అక్షమును మార్చుట తప్ప, దోషమును రవంతయు తగ్గించదు. అంతకు మించినచో దోషమును పెంచును.

ఆ పది డిగ్రీలు ఎంత సులభముగ తప్పునో చెప్పెదను. మనిషి కూర్చున్నపుడు ఒక తీరుగ నున్న కన్ను, వెల్లకిల పరుండగనే తన యక్షముపై కొన్ని డిగ్రీలు తిరుగును. కొందఱిలో పది డిగ్రీల వఱకును తిరుగును. అందుచేత తెలిసిన శస్త్రకారుడు రోగిని బల్లపై పరుండబెట్టక మునుపే నిటారుగ కూర్చుండబెట్టి, ఎదుటి గోడపై నొక గుర్తును చూడుమని, మత్తుచుక్కలు వేసిన కంటి నల్లగ్రుడ్డు అంచున ఊదాసిరా కలముతో ఎడమ, కుడి, క్రింద చుక్కలు పెట్టును. కన్నీటికి ఆ సిరా చెదరును. చెదరిన చుక్క వెడల్పే రెండు మూడు డిగ్రీలగును. పనియంతయు సవ్యముగ ముగిసినను, ఆపరేషన్‌లో వాడగా కటకము వెనుక మిగిలిన జిగట ద్రవమును పూర్తిగ కడుగనిచో, లేదా పొడవైన కంటిలో సంచి వదులుగ నున్నచో, ఆపరేషన్ జరిగిన తొలి గంటలలోనే కటకము తిరిగిపోవచ్చును. మరునాడు పాపను విచ్చుకొనజేసి చూచినవారికి అది తెలియును. తొలి వారములలోనే దానిని మరల సరిగ త్రిప్పుట సులభము. చూడనివారికి ఎన్నటికిని తెలియదు, రోగి మాత్రము ‘నా చూపు ఇంతే’ యని సరిపెట్టుకొనును.

మల్టీఫోకల్ కటకముల మాట మఱియొక తీరు. వీనిలో ఎక్కువభాగము బిళ్ళపై చెక్కిన వలయాకారపు మెట్లచే వివర్తనమును కలిగించి, వచ్చిన కాంతిని దూరమునకు కొంత, దగ్గరకు కొంత పంచును. కాంతి సృష్టింపబడదు, పంచబడును. రెండు దూరములకు సమముగ పంచు తొలినాటి కటకమున ఒక్కొక్కదానికి నూటికి నలుబదియొక వంతు చొప్పున పోగా, పదునెనిమిది వంతులు ఏ బొమ్మకును ఉపకరింపక పోవును. ఒక బొమ్మ స్పష్టముగ నున్నపుడు రెండవది మసకగ దానిపై పరచుకొనియుండును. కనుకనే చీకటిలో దీపముల చుట్టు వలయములు కనబడును, బూడిదరంగునకు బూడిదరంగునకు గల తేడా తగ్గును. వలయముల నడిమిబిందువు చూపు దారికి ఎంత దూరమైన, ఈ బాధ అంత హెచ్చును.

సూర్యాపేటలో నా యెఱుకలో నొక లారీడ్రైవరు కలడు. రెండు కన్నులకును అధికమైన వెల పెట్టి అట్టి కటకములనే వేయించుకొన్నాడు. పగలు సెల్‌ఫోనులోని సన్నని అక్షరములను అద్దములు లేకుండ చదివి నాకు వినిపించి మురిసెను. కాని విజయవాడ రహదారిపై రాత్రివేళ ఎదురువచ్చు ప్రతి బండి దీపమును వలయములు చుట్టుకొని కనబడుటచే, చీకటిపడినచో బండిని ఆపివేయుచున్నాడు. ‘ఖరీదైన లెన్సు గదా సార్, మంచిదే గదా అనుకొంటిని’ అనెను. కటకము చెడ్డది కాదు, వేసినవారు నేర్పు లేనివారును కారు. ఆయన రాత్రులు బండి నడుపునని అడిగినవారు లేరు, అడుగవలెనన్న నియమమును లేదు. అదే కటకము ఇంట కూర్చుండి భాగవతమును చదువుకొను పెద్దమనిషికి వరమై యుండెడిది. పోచంపల్లి మగ్గముపై చిటికీ నూలును ఒక చేయి దూరమున సరిచూచుకొను నేతగానికి, దూరపు చూపునకు కాక ఆ చేయి దూరమునకే సరిపోవు సాదా కటకమును లెక్కగట్టి వేసినచో, అది వెలలో తక్కువైనను ఫలములో మిన్నయగును.

ఇదంతయు మంత్రులకు ఏల యని మీరు అడుగవచ్చును. చెప్పెదను. 1976లో అంధత్వ నివారణకు జాతీయ కార్యక్రమము మొదలైన నాటినుండి మన లెక్క ఆపరేషన్ల లెక్కయే. 1994 మొదలు 2002 వఱకు ప్రపంచబ్యాంకు సహాయమున ఏడు రాష్ట్రములలో నడచిన శుక్ల నివారణ పథకమున ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒకటి. 1992లో మదురైలో అరవింద్ నేత్రవైద్యశాలవారు స్థాపించిన ఆరోల్యాబ్ కటకపు వెలను పేదవాని యందుబాటునకు తెచ్చినది. సోడాబుడ్డి అద్దముల కాలము ఆ విధముగ ముగిసినది. అది నిజముగ గొప్ప కార్యము. కాని అదే దశకమున, 1996 మొదలు 2000 వఱకు, ఎల్.వి. ప్రసాద్ నేత్రవైద్య విజ్ఞానసంస్థ హైదరాబాదునను, ఆదిలాబాదు, మహబూబ్‌నగర్, పశ్చిమగోదావరి గ్రామములలోను పదివేలమందికి పైగ పరీక్షించినపుడు, ఆపరేషన్ జరిగిన కన్నులలోను చాలవానికి తగిన చూపు లేదని తేలెను. ఆపరేషన్‌లోని చిక్కులతోపాటు, ఆపై సరిదిద్దక విడిచిన వక్రీభవనదోషములును అందులకు కారణములు. 2021లో ప్రపంచ ఆరోగ్యసభ 2030 నాటికి సాధింపవలసిన లక్ష్యమును నిర్ణయించినపుడు, చేసిన ఆపరేషన్లను కాక, సఫలమైన ఆపరేషన్లను లెక్కింపవలెనని నిశ్చయించెను; ఆపరేషన్ జరిగిన కన్ను, తాను వాడు అద్దములతోనైనను, అక్షరముల పటమున 6/12 వరుసను చదివిననే అది సఫలము. లోకము లెక్కను మార్చినది. మన లెక్కయు మాఱవలెను.

కనుక నేను కోరునవి నాలుగు. మొదటిది: ప్రతి జిల్లా ఆసుపత్రిలోను కంటిని తాకకుండ కాంతితో పొడవును కొలుచు యంత్రమును ఏర్పఱచి, అది కుదరని దట్టపు శుక్లములకు మాత్రమే సలాకను వాడవలెను, కొలతలను, ఆశించిన ఫలితమును ఆపరేషన్‌కు ముందే కాగితముపై పెట్టవలెను. రెండవది: కటకపు పెట్టెలోనే వచ్చు అంటుచీటీలలో నొకదానిని రోగి చేతికిచ్చు తెలుగు కార్డుపై అంటించి, కటకము రకము, శక్తి, టోరిక్ అయినచో నిలుపదలచిన అక్షము, మరునాడు చూచిన అక్షము వ్రాయవలెను. మూడవది: రోగి వృత్తి, రాత్రి ప్రయాణము, చదువు, చేతిపని అడిగి వ్రాసికొనక మల్టీఫోకల్ కటకమును ఏ ఆసుపత్రియు, ప్రభుత్వముదైనను ప్రైవేటుదైనను, వేయరాదు, వలయముల సంగతిని తెలుగున వ్రాతమూలకముగ చెప్పవలెను. నాలుగవది, అన్నిటికంటె ముఖ్యమైనది: ఆపరేషన్ జరిగిన ఆరు వారములకు ప్రతి కంటికిని చూపును, వక్రీభవనమును పరీక్షించి, కావలసినవారికి అద్దములిచ్చి, ఆ యంకెలను ఆసుపత్రివారీగ ఏటేట ప్రకటింపవలెను.

ఇందులకు ధనము చాలదని, సిబ్బంది లేరని చెప్పుదురేమో. ఆరు వారముల పరీక్షకు కావలసినది అక్షరముల పటము, పరీక్షాకటకముల పెట్టె, పారామెడికల్ ఆఫ్తాల్మిక్ ఆఫీసరు. వీరు మీ శాఖలోనే యున్నారు. 2018 ఆగస్టు 15న తెలంగాణమున, 2019 అక్టోబరు 10న ఆంధ్రప్రదేశమున కంటివెలుగు పేర మొదలైన కార్యక్రమములు, ప్రభుత్వము తలచుకొన్నచో ఊరూర కన్నులను పరీక్షింపగలదని ఇదివఱకే ఋజువు చేసినవి. ఇక, అంకెలను ప్రకటించినచో వైద్యులు కష్టమైన కన్నులను ముట్టరన్న భయము నిరాధారము కాదు. కనుక నీటికాసులు, చక్కెరవ్యాధిచే చెడిన రెటీనా మొదలగు ఇతర రోగములు గల కన్నులను వేఱుగ లెక్కింపవలెను. ఈ యంకె యే వైద్యుని శిక్షించుటకును కాదు. ఏ కొలతగదిలో సలాక బరువుగ పడుచున్నదో, ఏ బల్లపై చుక్కలు చెదరుచున్నవో ఆ వైద్యునికే ముందుగ తెలియుటకు.

మీ తరువాతి వార్షిక ప్రకటనలో ఎన్ని ఆపరేషన్లు జరిగినవన్న అంకె ప్రక్కనే, వానిలో ఎన్ని కన్నులు 6/12 వరుసను చదివినవన్న అంకెను కూడ ముద్రింపుడు. మొదటి యేడు అది చిన్నబుచ్చునదై యుండవచ్చును, ఐనను ముద్రింపుడు. ఒక్క జిల్లాతో ఆరంభించినను చాలును. ఏ జిల్లానుండి ఆరంభింతురో, ఏ నెలనుండి ఆరంభింతురో ఈ పత్రికాముఖముననే ప్రత్యుత్తరమిత్తురని ఎదురుచూచుచు,

భవదీయుడు,
విశ్రాంత భౌతికశాస్త్రోపన్యాసకుడు